దోమలెక్కిన కొండలు

(జంతుశాస్త్రం మాస్టారి స్మారకోపన్యాసం: ముద్రిత పాఠం)



ఈ ఉపన్యాసానికి నన్ను పిలిచినప్పుడు నిర్వాహకులు ఒక్కటే అడిగారు. ఏం మాట్లాడినా ఫరవాలేదు, ప్రాణుల గురించి మాట్లాడండి అన్నారు. నేను ఉద్యోగమంతా ఫైలేరియా నియంత్రణ విభాగంలో చేసినవాణ్ణి. కోస్తా జిల్లాల్లో రాత్రిళ్ళు ఇల్లిల్లూ తిరిగి నిద్రపోతున్నవాళ్ళను లేపి వేలికి సూది గుచ్చి రక్తం తీసినవాణ్ణి. నాకు బాగా తెలిసిన ప్రాణి దోమ. మాస్టారికి పిట్టలంటే ప్రాణం. ఆయన క్లాసులో ఏ జీవి గురించి చెప్పినా ముందు ఒక ప్రశ్న వేసేవారు: ఇది ఇక్కడికి ఎలా వచ్చింది? జవాబు తెలిస్తే సగం పాఠం వచ్చినట్టే అనేవారు. ఆ ప్రశ్ననే పట్టుకుని, నా దోమా ఆయన పిట్టా ఎదురుపడిన ఒక చోటి గురించి ఇవాళ మాట్లాడతాను. ఆ చోటు హవాయి.

పసిఫిక్ సముద్రం నడిమధ్యలో, దగ్గరి ఖండానికి 3,500 కిలోమీటర్లకు పైగా దూరాన, అగ్నిపర్వతాలు సముద్రం అడుగునుంచి లేచి కట్టిన దీవులవి. వాటి మీద పుట్టుకతో ఏ ప్రాణీ లేదు. అన్నీ గాలికో, నీటికో, పిట్ట కాళ్ళకంటిన బురదకో అంటుకుని వచ్చినవే. అలా లక్షల ఏళ్ళ తరబడి ఎప్పుడో ఒకటి వచ్చి నిలదొక్కుకుంది. నిలదొక్కుకున్నవి కొత్త రూపాలు తొడిగాయి. అక్కడి సొంత పూలమొక్కలు వెయ్యి జాతుల దాకా ఉంటే, వాటిలో దాదాపు 90 శాతం ప్రపంచంలో మరెక్కడా లేవు. గబ్బిలం తప్ప నేలమీది క్షీరదాలేవీ అక్కడికి తమంతట తాము చేరలేదు. మేసే పశువు లేదు గనక అక్కడి అడవి రాస్ప్‌బెర్రీ కొమ్మకు ముళ్ళు దాదాపుగా పోయాయి. అక్కడి తులసి కుటుంబపు మొక్కలు వాసన వదిలేసుకున్నాయి. శత్రువు లేనిచోట ఆయుధం మోయడం ఏ ప్రాణికైనా బరువే.

పిట్టల సంగతి ఇంకా ఆశ్చర్యం. యాభై, అరవై లక్షల ఏళ్ళ కిందట ఆసియా వైపునుంచి ఒక పిచ్చుకంత పిట్ట అక్కడికి చేరింది. రోజ్‌ఫించ్ జాతికి చెందిన ఆ పిట్ట బంధువులు చలికాలంలో మన దేశానికీ వలస వస్తాయి. గింజలు కొరుక్కు తినే మామూలు పిట్టలు. హవాయిలో దాని సంతానం యాభైకి పైగా జాతులుగా విడిపోయింది. ఇంగ్లీషులో వాటిని హనీక్రీపర్లు అంటారు. ఒకదానికి చిలక ముక్కు, బెరడు చీల్చడానికి. ఒకదానికి కొడవలిలా వంగిన పొడవాటి ముక్కు, పువ్వు గొంతులోంచి తేనె లాగడానికి. ఒకదానికి పైముక్కు సన్నంగా వంకరగానూ కిందిముక్కు ఉలిలా పొట్టిగానూ ఉంటుంది. కిందిదాంతో పొడిచి పైదాంతో పురుగును బయటికి తీస్తుంది. డార్విన్ పేరుతో అందరం చదువుకున్న గలాపగోస్ పిట్టలకన్నా ఇవి ఎక్కువ రకాలు. ఆ యాభైకి పైగా జాతుల్లో ఇవాళ మిగిలినవి 17.

మొక్కలూ పిట్టలూ అక్కడ ఒకదాన్ని చూసి ఒకటి పెరిగాయి. లోబీలియా అనే కుటుంబం ఒకే ఒక్క పూర్వజాతి నుంచి 126 జాతులుగా విస్తరించింది. వాటి పూలు వంపు తిరిగిన గొట్టాలు. ఇయీవి అనే ఎర్రటి పిట్ట ముక్కు సరిగ్గా ఆ వంపులోనే ఉంటుంది. గత శతాబ్దంలో పందులూ మేకలూ ఎలుకలూ తినేసి లోబీలియాలు తగ్గిపోయాయి. ఇయీవి ఓహియా చెట్టు ఎర్రపూల మీద పడింది. ఓహియా పువ్వుకు గొట్టం ఉండదు, కేసరాలు విచ్చుకుని తేనె పైకే కనిపిస్తుంది. మ్యూజియంలో దాచిన పాత ఇయీవిల ముక్కులను ఇప్పటివాటితో కొలిచి చూస్తే పైముక్కు కాస్త పొట్టిదైందని 1995లో తేలింది. మొక్క పోతే పిట్ట ముక్కు మారిందన్నమాట. దీవి మీద ఏదీ ఒంటరిగా పోదు.

ఇక దోమ ఎలా వచ్చింది? ఇది ఇంచుమించు తారీఖుతో సహా తెలుసు. 1826లో వెల్లింగ్టన్ అనే ఓడ మెక్సికో తీరంనుంచి మావి దీవిలోని లహైనా రేవుకు వచ్చింది. నావికులు అడుగున మిగిలిన పాత నీళ్ళను వాగులో పారబోసి కొత్త నీళ్ళు నింపుకున్నారు. ఆ పాతనీళ్ళలో దోమపిల్లలున్నాయి. కొద్దికాలానికే అక్కడివాళ్ళు మిషనరీల దగ్గరికి వెళ్ళి, చెవి దగ్గర పాట పాడే కొత్త ఈగ ఒకటి వచ్చిందనీ, అది కుడితే దురద పెడుతోందనీ చెప్పుకున్నారట. అంతవరకూ ఆ దీవుల్లో దోమ లేదు. ఆ దోమ క్యూలెక్స్ క్వింక్వెఫేసియేటస్. మన మురుగు కాలువల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో, వాడని బావుల్లో పుట్టే ఇంటి దోమ. మన గోదావరి జిల్లాల్లో తరాల తరబడి బోదకాలు పంచిపెట్టింది ఇదే. నా జీతం ఈ దోమ పేరిటే వచ్చింది. అది హవాయిలో ఒక్క మనిషినీ మంచాన పెట్టకుండా అడవి మొత్తాన్ని ఊడ్చేస్తుందని ఉద్యోగంలో ఉండగా నాకు ఎవరూ చెప్పలేదు. పుస్తకాల్లో చదివాక నిద్ర పట్టలేదు.

దోమ వచ్చిన వెంటనే నాశనం మొదలవలేదు. పక్షులకు వచ్చే మశూచి ముందు వచ్చింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో, పల్లపు ప్రాంతాల్లో సొంత పిట్టలు పోయి ఊళ్ళు బోసిగా ఉన్నాయని కొందరు మంచి మనసుతోనే దేశదేశాల పంజరం పిట్టలను తెప్పించి వదిలారు. వాటి రక్తంలో మలేరియా పరాన్నజీవి వచ్చింది. అప్పటికి మోసుకెళ్ళే దోమ సిద్ధంగా ఉంది.

ఇక్కడ మన ఊరి సంగతి చెప్పక తప్పదు. 1897 ఆగస్టు 20న ఈ సికింద్రాబాద్‌లో, బేగంపేటలో, రోనాల్డ్ రాస్ మలేరియా రోగి రక్తం తాగిన దోమ పొట్ట కోసి చూసి పరాన్నజీవిని పట్టుకున్నాడు. హుసేన్ ఖాన్ అనే రోగి, తనను కుట్టిన దోమకు అణా చొప్పున తీసుకుని చెయ్యి చాపాడు. ఇంతవరకూ ఇక్కడ స్కూలు పిల్లలకు కూడా తెలుసు. మిగతా సగం తక్కువమందికి తెలుసు. బదిలీ మీద వెళ్ళిన రాస్‌కు కలకత్తాలో రోగులు సరిగ్గా దొరకలేదు. అందుకని ఆయన పిట్టల మలేరియా చేపట్టాడు. 1898లో పిచ్చుకల మీదా మరికొన్ని చిన్న పిట్టల మీదా చేసిన పనిలోనే పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరుతుందనీ, ఆ దోమ కుడితే ఆరోగ్యంగా ఉన్న పిట్టకు జబ్బు చేస్తుందనీ రుజువైంది. మలేరియా వ్యాపించే చక్రం మొదటిసారి తెలిసింది పిట్టలోనే. ఆ పిట్టల పరాన్నజీవిని ఇవాళ ప్లాస్మోడియం రెలిక్టమ్ అంటున్నాం. రాస్ వాడిన బూడిదరంగు దోమ క్యూలెక్సే. హవాయి అడవుల్ని ఖాళీ చేసిన జంట సరిగ్గా ఈ రెండే.

మన పిచ్చుకకు ఈ జబ్బు వచ్చినా తరతరాల పరిచయం వల్ల చాలామటుకు తట్టుకుంటుంది. హవాయి పిట్టకు ఆ పరిచయం లేదు. 1968లో రిచర్డ్ వార్నర్ ఒక వ్యాసం అచ్చువేశాడు. దోమలు లేని చోటినుంచి తెచ్చిన పిట్టల్లో కొన్నిటిని దోమ దూరని బట్ట కప్పిన పంజరాల్లోనూ కొన్నిటిని తెరిచిన పంజరాల్లోనూ పల్లంలో ఉంచితే, బట్ట కింద ఉన్నవి బతికాయి, తెరిచినవాటిలో ఉన్నవి చచ్చిపోయాయి. తర్వాత 1995లో కార్టర్ అట్కిన్సన్ బృందం ఇయీవిల మీద చేసిన పరీక్షలో ఒకే ఒక్క దోమ కాటుకు పదింట తొమ్మిది పిట్టలు చనిపోయాయి. ఒక్క కాటు. మనుషుల్లో బోదకాలు రావాలంటే ఏళ్ళ తరబడి వందల, వేల కాట్లు పడాలని మేం ఊళ్ళల్లో చెప్పేవాళ్ళం. ఈ లెక్క చదివినప్పుడు నాకు గుండె జారింది.

అయితే పిట్టలన్నీ అప్పుడే ఎందుకు పోలేదు? చలి వల్ల. దోమ ఒంట్లో పరాన్నజీవి పెరగాలంటే వెచ్చదనం కావాలి. 13 డిగ్రీల సెల్సియస్ లోపు ఉంటే అది పెరగదు. 13 నుంచి 17 మధ్య నెమ్మదిగా, వెచ్చటి నెలల్లో మాత్రమే వ్యాపిస్తుంది. పైకి వెళ్ళేకొద్దీ దోమపిల్లలు ఎదగడమూ కష్టం. అంచేత సుమారు 1,500 మీటర్లకు పైన ఉన్న కొండ అడవి పిట్టలకు కోట అయింది. ఇరవయ్యో శతాబ్దమంతా హవాయి పిట్టలను కాపాడింది చట్టమూ కాదు, మందూ కాదు. పైన ఉన్న చలిగాలి. ఇప్పుడు ఆ చలి తగ్గుతోంది. వాతావరణ మార్పు అనగానే ఎండకు సొమ్మసిల్లి పడిపోయే పిట్టను ఊహించుకుంటాం. ఇక్కడ ఎండ పిట్టను తాకనే లేదు. కాపలా తీసేసింది, అంతే.

కొండ ఎత్తుగా ఉంటే పిట్ట ఇంకా పైకి పోవచ్చు కదా అంటారు. అందుకే ముందుగా దెబ్బతిన్నది కవాయి దీవి. దాని శిఖరమే 1,598 మీటర్లు. అక్కడ అలకాయి అనే తడి పీఠభూమి ఉంది, ప్రపంచంలో అత్యధిక వర్షం పడే చోట్లలో ఒకటి. ఎప్పుడూ మంచు కమ్మి, నాచు దట్టంగా పట్టిన పొట్టి ఓహియాలు, కాలు పెడితే మోకాలిదాకా దిగే బురద. ఉష్ణోగ్రత 2 డిగ్రీలు పెరిగితే అక్కడి చల్లటి ఆశ్రయంలో 85 శాతం పోతుందని 2002లోనే శాస్త్రజ్ఞులు లెక్కకట్టారు. ఆ తర్వాత అదే అడవిలో పిట్టల రక్తం తీసి చూశారు. 1994-97 మధ్య కనిపించిన మలేరియాతో పోలిస్తే 2007-13 నాటికి అది రెట్టింపును మించింది. వేడి పెరగడంతోపాటు వాన కూడా తగ్గింది. వాన తగ్గితే దోమ తగ్గాలి కదా అనుకోకండి. వాగు జోరుగా పారితే దోమపిల్లలు కొట్టుకుపోతాయి. వాగు సన్నబడితే రాళ్ళ మధ్య నిలిచిన మడుగుల్లో హాయిగా పెరుగుతాయి. దోమలతో పనిచేసిన ఎవరైనా ఈ మాట చెబుతారు.

ఆ అడవిలో అకికికి అనే పిట్ట ఉండేది. మన పిచ్చుక కన్నా చిన్నది. పైన బూడిదరంగు, కింద తెలుపు, పొట్టి తోక. రంగులు లేవు, గొప్ప గొంతూ లేదు. బెరడు మీద తలకిందులుగా పాకుతూ నాచులో పురుగులేరుకునేది. 2018లో అడవిలో 450 దాకా ఉన్నాయని అంచనా. 2021లో 45. 2023 వేసవికి ఐదు. ఇప్పుడు అడవిలో అకికికి లేనట్టే లెక్క. 2015 నుంచే ఈ గతి పడుతుందని భయపడి, కొందరు యువకులు ఆ బురదలో ఎత్తయిన నిచ్చెనలను తాళ్ళతో నిలబెట్టి, చెట్టు చివరికొమ్మల గూళ్ళలోంచి గుడ్లు తీసి, వెచ్చగా ఉంచే పెట్టెల్లో పెట్టుకుని హెలికాప్టర్లలో కిందికి తెచ్చారు. ఆ గుడ్లనుంచి పుట్టినవీ వాటి పిల్లలూ పంజరాల్లో కొన్ని పదులు ఉన్నాయి. జాతి మొత్తం అదే.

ఇదే కవాయిలో ఓఓ అనే నల్లపిట్ట గొంతు చివరిసారిగా వినబడింది 1987లో. వేణువు ఊదినట్టుండే పాట. ఆ జాతిలో ఆడా మగా జంటగా, ఒకరి తర్వాత ఒకరు పాడేవట. చివరి రికార్డింగులో ఒక గొంతే ఉంది. 1982లో ఇవా తుపాను ఆ అడవిని చీల్చేసింది. 1992లో ఇనికి తుపాను మిగిలింది కూలగొట్టింది. 2023 అక్టోబరులో అమెరికా ప్రభుత్వం అంతరించిపోయాయని అధికారికంగా జాబితాలోంచి కొట్టేసిన 21 జాతుల్లో ఎనిమిది హవాయి అడవి పిట్టలే. వాటిలో పోవులి ఒకటి. దాన్ని మావి దీవిలో హలెయాకలా కొండవాలున 1973లో విశ్వవిద్యాలయ విద్యార్థులు కనిపెట్టారు. 2004 నవంబరులో పంజరంలో దాని ఆఖరు పిట్ట చనిపోయింది. మనిషికి తెలిసిన 31 ఏళ్ళకే పోయిన జాతి అది.

ఇక మొక్కల కష్టం. వేడెక్కుతుంటే అడవి కూడా కొండమీదికి జరగాలి. హవాయిలో అది కుదరదు. అక్కడ సుమారు 2,200 మీటర్ల దగ్గర గాలి ఒక మూతలా మబ్బును ఆపేస్తుంది. మూత కింద మంచు, వాన, దట్టమైన అడవి. మూత పైన ఎండిన బూడిదనేల. ఆ మూత ఏర్పడే రోజులు ఎక్కువవుతూ, పైభాగం మరింత ఎండుతోంది. అంటే కిందినుంచి దోమ ఎక్కుతోంది, పైనుంచి కరువు దిగుతోంది, మధ్యలో అడవి ఇరుక్కుంది. హలెయాకలా శిఖరం మీద ఆహినాహినా అనే మొక్క ఉంది. వెండి కత్తులు గుత్తుగా గుచ్చినట్టుండే ఆకులు. ఇరవై నుంచి తొంభై ఏళ్ళు అలాగే ఉండి, ఒక్కసారి మనిషెత్తు గెల వేసి వందల పూలు పూసి, విత్తు రాల్చి చచ్చిపోతుంది. ఒకప్పుడు పర్యాటకులు పీకి, మేకలు మేసి నాశనం చేస్తే, కంచె వేసి బతికించారు. చక్కగా కోలుకున్న మొక్క అది. 1990ల నుంచి మళ్ళీ తగ్గుతోంది, ఈసారి తేమ చాలక. ఎక్కువగా చస్తున్నవి దాని విస్తృతిలో కింది అంచున ఉన్నవి. కంచె వేసి మేకను ఆపగలిగాం. వాన రాకపోతే కంచె ఏం చేస్తుంది?

కవాయి కొండచరియల మీద ఆలులా అనే మొక్క ఉండేది. లావాటి దుంపలాంటి కాండం, పైన కోసుగడ్డ ఆకుల గుత్తి, లేత పసుపు గొట్టాల పూలు. దానికి పుప్పొడి చేర్చే రాత్రి సీతాకోకచిలుక కనబడకుండా పోయింది. స్టీవ్ పెర్ల్‌మన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు సముద్రానికి నిటారుగా దిగే కొండచరియల మీద తాడుకు వేలాడుతూ ఒక మొక్క పుప్పొడిని కుంచెతో ఇంకో మొక్కకు రాసి విత్తనం తెచ్చాడు. ఇవాళ ఐరోపాలో ఆ మొక్కను కుండీల్లో పెంచి అమ్ముతున్నారు. దాని సొంత కొండ మీద మాత్రం 2014 తర్వాత కనబడలేదు. మొక్కను బతికించడం వేరు, దాని బతుకును బతికించడం వేరు. ఆ కుండీలోని మొక్కను ఏ సీతాకోకచిలుకా వెతుక్కుంటూ రాదు.

ఓహియా సంగతి వదల్లేను. అక్కడి సొంత అడవిలో సింహభాగం ఆ చెట్టే. చల్లారిన లావా మీద ముందుగా మొలిచేది అదే. పిట్టలకు తేనె, గూడు, నీడ అన్నీ అదే. 2010 ప్రాంతాల నుంచి ఆ దీవుల్లోకెల్లా పెద్ద దీవిలో కొద్ది వారాల్లోనే నిలువునా ఎండిపోవడం మొదలుపెట్టింది. కారణం ఒక బూజు, చెట్టుకు తగిలిన గాయంలోంచి దూరేది. దాని బారినపడి పది లక్షలకు పైగా చెట్లు చనిపోయాయి. ఈ బూజును వేడి పుట్టించలేదు, ఆ మాట నేను అనను. కానీ కొమ్మలు విరిచే గాలివానలు పెరిగితే గాయాలు పెరుగుతాయి. దోమనుంచి తప్పించుకున్న పిట్టకు చివరికి వాలడానికి చెట్టు ఉండాలి కదా.

పందుల విషయం కూడా ఇక్కడే చెబుతాను, ఎందుకంటే నా వృత్తికి అది దగ్గర. హవాయి అడవుల్లో చాలాచోట్ల నిలవనీరు తక్కువ. నేల నీళ్ళను తాగేస్తుంది. అయినా దోమ ఎక్కడ గుడ్డు పెడుతోంది? హాపూ అనే చెట్టంత ఫెర్నులు ఉన్నాయి. వాటి కాండం లోపల పిండిపదార్థం ఉంటుంది. మనుషులు తెచ్చి వదిలిన పందులు అడవిపాలై ఆ కాండాన్ని పడగొట్టి, లోపలిది తొలిచి తింటాయి. మిగిలింది ఒక తొట్టి. వానకు నిండుతుంది. ఆకులు కుళ్ళి నీరు నల్లబడుతుంది. క్యూలెక్స్‌కు అంతకన్నా ఇష్టమైన నీరు లేదు. పడవలా అతుక్కున్న గుడ్ల గుంపును ఆ నీటి మీద వదులుతుంది. ఒక్క తొట్టి చాలు, చుట్టూ ఉన్న గూళ్ళకు చావు రాయడానికి. మేం మన ఊళ్ళల్లో కొబ్బరిచిప్పలు, రుబ్బురోళ్ళు బోర్లించమని చెప్పేవాళ్ళం. అక్కడివాళ్ళు అడవికి మైళ్ళ కొద్దీ కంచె వేసి పందుల్ని బయటికి తోలుతున్నారు. పని ఒకటే.

అంతా చేసినా ఓడిపోయిన ఒక సందర్భం చెబుతాను. మావి దీవిలో కివికియు అనే చిలకముక్కు పిట్ట ఉంది. ప్రపంచంలో నూటయాభైకి మించి లేవు. అన్నీ హలెయాకలా కొండకు ఒక్క వైపే, గాలీవానా ఎక్కువైన వైపు. ఒక్క తుపానుకు జాతి పోతుందని భయపడి, కొండకు రెండో వైపున పశువులు మేసి బోడిచేసిన నకులా అనే చోట ఏళ్ళ తరబడి కంచె వేసి, మొక్కలు నాటి, అడవి తిరిగి మొలిపించారు. 2019 అక్టోబరులో 14 పిట్టలను అక్కడికి తరలించారు. ఏడు అడవినుంచి పట్టినవి, ఏడు పంజరంలో పుట్టినవి. కొన్ని వారాల్లోనే దాదాపు అన్నీ పోయాయి. కోసి చూస్తే మలేరియా. అంత ఎత్తుకు, ఆ నెలలో, అన్ని దోమలు వస్తాయని వాళ్ళు అనుకోలేదు. రెండేళ్ళకు 2021లో వాటిలో ఒక్క మగపిట్ట అక్కడే బతికి కనిపించింది. ఆ ఒక్కటీ ఎలా తట్టుకుందన్నది పెద్ద ప్రశ్న.

పిట్టలు అలవాటుపడవా అని విద్యార్థులు అడుగుతారు. మంచి ప్రశ్నే. అమకిహి అనే ఆకుపచ్చ పిట్ట పెద్ద దీవి పల్లంలో మలేరియాను తట్టుకునే తీరు నేర్చుకుంది. పల్లపు అడవుల్లో ఇప్పుడు మళ్ళీ పాడుతోంది. కానీ అలా జరగడానికి బోలెడన్ని పిట్టలు చచ్చి, తట్టుకున్న కొన్ని మిగిలి, పెంపయ్యే వ్యవధి కావాలి. ఐదు పిట్టలున్న జాతికి ఆ వ్యవధి ఎక్కడిది?

ఇప్పుడు అక్కడ చేస్తున్న పని మీకు వింతగా తోచవచ్చు: అడవిలో దోమలు వదులుతున్నారు. మగ దోమ కుట్టదని ఇక్కడ ఉన్నవాళ్ళందరికీ తెలుసు. క్యూలెక్స్ ఒంట్లో వోల్బాకియా అనే సూక్ష్మజీవి సహజంగానే ఉంటుంది. వేరే రకం వోల్బాకియా ఉన్న మగదోమతో కలిస్తే ఆ ఆడదోమ పెట్టే గుడ్లు పొదగవు. 2023 నవంబరులో మావి అడవుల మీద హెలికాప్టర్లలోంచి ఇలాంటి మగదోమలను వారానికి రెండున్నర లక్షల చొప్పున, మట్టిలో కలిసిపోయే చిన్న పొట్లాల్లో వదలడం మొదలుపెట్టారు. తర్వాత సంఖ్య పెంచి, కవాయిలోనూ వదులుతున్నారు. ఈ ఆలోచన మన పక్కనే పుట్టింది. 1967లో హానెస్ లావెన్ బర్మాలో రంగూన్ దగ్గర ఓక్పో అనే పల్లెలో ఇదే క్యూలెక్స్‌ను ఇదే కిటుకుతో తుడిచిపెట్టి చూపించాడు. 1970లలో ఢిల్లీలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి కలిసి ఈ దోమ మీద జన్యు నియంత్రణ పరిశోధన నడిపితే, పత్రికల్లో అనుమానాలు రేగి 1975లో ఆగిపోయింది. ఆగకుండా సాగి ఉంటే బోదకాలు విషయంలో మనకెంత మేలు జరిగేదో అని మా తరం వాళ్ళం ఇప్పటికీ అనుకుంటాం.

ఈ పద్ధతి ఫలిస్తుందా? ఫలిస్తుందనే నా నమ్మకం. కానీ ఎప్పటికీ వదులుతూనే ఉండాలి, ఆపితే దోమ తిరిగొస్తుంది. ఇది వ్యవధి కొనుక్కునే ఉపాయం. ఆ వ్యవధిలో బొగ్గూ నూనే కాల్చడం తగ్గకపోతే, కొండమీద వేడి పెరుగుతూనే ఉంటే, వదిలే దోమలు ఎన్నైనా చాలవు.

పంజరాల్లో కాపాడుకున్నవాటికీ భరోసా లేదు. 2023 ఆగస్టు 8న లహైనాను మంట కాల్చేసిన సంగతి మీరు పేపర్లలో చదివారు. అదే రోజు అదే దీవిలో ఓలిండా అనే కొండ ఊరి దగ్గర మరో మంట పక్షుల సంరక్షణ కేంద్రం దాకా వచ్చింది. అప్పుడు అక్కడ అకికికి పిట్టలు ఉన్నాయి. 2002లో అడవిలోంచి మాయమైన హవాయి కాకులూ ఉన్నాయి. ఈదురుగాలికి చెట్లు విరిగి దారి మూసుకుపోయింది. అక్కడ పనిచేసేవాళ్ళూ ఒక పొరుగాయనా తోట పైపులూ మంటలార్పే సిలిండర్లూ పట్టుకుని, అగ్నిమాపక బండ్లు వచ్చేదాకా మంటను ఆపారు. పిట్టలు బతికాయి. అంత అరుదైన పిట్టల బతుకు ఒక తోట పైపు మీద నిలబడిన పొద్దు అది.

మనకూ దీవులున్నాయి. అవి అండమాన్ నికోబార్. నికోబార్‌లో మెగాపోడ్ అనే పిట్ట ఉంది. గుడ్ల మీద కూర్చోదు. తీరం పక్కన ఇసుకా ఆకులూ కుప్ప పోసి, ఆ కుళ్ళు వేడికి గుడ్లను పొదిగిస్తుంది. 2004 సునామీలో ఆ కుప్పలు తీరంతోపాటు కొట్టుకుపోయి, ఆ పిట్టల సంఖ్య మూడింట రెండొంతులకు పైగా తగ్గింది. సునామీ వాతావరణ మార్పు కాదు, నిజమే. సముద్రం తీరాన్ని నెమ్మదిగా తిన్నా ఆ పిట్టకు గూడు పోయేది అదే చోట. గ్రేట్ నికోబార్‌లో అది గూడుపెట్టే గలాతియా తీరపు అభయారణ్యాన్ని 2021లో జాబితాలోంచి తీసేశారు. అది తప్పని నేను స్పష్టంగా చెబుతున్నాను. ఇక నార్కొండం దీవి మొత్తం సుమారు ఏడు చదరపు కిలోమీటర్లే. అక్కడి ధనేశపక్షి ఆ ఒక్క దీవిలో తప్ప ఈ భూమి మీద మరెక్కడా లేదు. బంగాళాఖాతంలో లేచే తుపాను ఏ తీరాన్ని తాకుతుందోనని మనం మొక్కుకుంటాం. నార్కొండం మీదుగా ఒక బలమైన తుపాను పోతే ఆ పిట్టలకు పారిపోయే చోటు లేదు.

విద్యార్థులకు నాదొక విన్నపం. దోమల విభాగంలో పనిచేసే మేం పిట్టల వైపు చూడలేదు. పిట్టలను చూసేవాళ్ళు దోమలను పట్టించుకోలేదు. రక్తపు చుక్కను గాజుపలక మీద పరిచి, రంగు వేసి, సూక్ష్మదర్శినిలో పరాన్నజీవిని గుర్తుపట్టడం నేర్చుకోవడానికి ఒక్క సెలవు కాలం చాలు. అది మా పాత ఉద్యోగులెవరైనా నేర్పగలరు. పక్షుల మీద పనిచేసే సంస్థలతో కలిసి, అనుమతులతో, అండమాన్ నికోబార్ పిట్టల రక్తంలో ఏముందో, అక్కడి కొండ అడవుల్లో ఏ దోమ ఏ ఎత్తులో ఉందో ఇప్పుడే రాసి పెట్టండి. యాభై ఏళ్ళ తర్వాత మార్పు జరిగిందని చెప్పాలంటే ఇవాళ్టి లెక్క ఎవరో ఒకరు తీసి ఉండాలి. నేర్చుకోవాలనుకున్నవాళ్ళు సభ అయ్యాక నన్ను కలవండి. నా సూక్ష్మదర్శిని ఇంకా బాగానే పనిచేస్తోంది.